ఫ్లషింగ్‌లో సాయంత్రం పూట తైవాన్ తిండి: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే తెలుగువాళ్లకీ, న్యూజెర్సీ నుంచి శని ఆదివారాల్లో గణేశ్ గుడికి వచ్చేవాళ్లకీ ఫ్లషింగ్ కొత్త ఊరేమీ కాదు. కానీ చాలామందికి ఫ్లషింగ్ అంటే దర్శనం, కింద క్యాంటీన్‌లో దోశ, తిరుగు ప్రయాణం. అంతే. గుడికి మైలు పైచిలుకు దూరంలో మెయిన్ స్ట్రీట్ ఉంది. సాయంత్రమైతే అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. అక్కడ దొరికే తైవాన్ తిండి గురించి నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు సలహా ముందే చెప్పేస్తాను. ఒక్క హోటల్లో కూర్చుని కడుపు నింపుకుని రావద్దు. నలుగురు కలిసి వెళ్లండి, ఒక్కోచోట ఒక్కటే కొని పంచుకోండి, మళ్లీ నడవండి. ఈ తిండి పుట్టింది అలా తినడానికే.

తైవాన్ తిండి అంటే చైనీస్ తిండే కదా?

సగం నిజం. తైవాన్‌లో ఎక్కువమంది పూర్వీకులు చైనాలోని ఫూజియన్ తీరం నుంచి వచ్చినవాళ్లు. వంటకు పునాది అక్కడిదే. హక్కా అనే మరో చైనీస్ సమూహంవాళ్ల ఊరగాయలు, ఎండబెట్టిన కూరలు దానికి తోడయ్యాయి. 1895 నుంచి 1945 దాకా ఆ ద్వీపం జపాన్ పాలనలో ఉంది. ఆ ముద్ర కూడా వంటల్లో కనిపిస్తుంది. 1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడిన జాతీయవాద సైన్యం, దాని వెంట లక్షల మంది ద్వీపానికి చేరారు. ఏ రాష్ట్రంవాళ్లు ఆ రాష్ట్రపు వంట మోసుకొచ్చారు. 1950ల్లో అమెరికా సాయం కింద గోధుమలు దిగాయి. మన పెద్దవాళ్లు పీఎల్-480 గోధుమల గురించి చెబుతుంటారే, దాదాపు అదే కాలం. అన్నం తినే ద్వీపంలో నూడుల్స్, బన్నులు, పిండి రొట్టెలు అంతగా పాతుకుపోవడానికి ఆ గోధుమలు ఒక ముఖ్య కారణం.

ఇక రుచి సంగతి. కొంచెం తీపి తగిలే సోయా సాస్, తెల్ల మిరియాల పొడి, కరకరలాడేలా వేయించిన చిన్న ఉల్లిపాయలు, అనాసపువ్వు వాసన. గోబీ మంచూరియా, షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశ తప్పదు. ఆ రెండూ మన దేశపు సరుకు.

న్యూయార్క్ ఇంత పెద్దది కదా, తైవాన్‌వాళ్లు ఫ్లషింగ్‌కే ఎందుకొచ్చారు?

1965లో అమెరికా వలస చట్టం మారింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు రావడం మొదలైంది ఆ చట్టంతోనే, తైవాన్‌వాళ్లు రావడమూ దానితోనే. అప్పటికి మన్‌హాటన్ చైనాటౌన్‌లో కాంటన్ భాష రాజ్యమేలుతోంది. మాండరిన్, తైవానీస్ మాట్లాడే ఈ చదువుకున్న కుటుంబాలు అక్కడ ఇమడలేకపోయాయి. ఫ్లషింగ్‌లో ఇళ్లు చవక, రైలు ఉంది. 1970ల నుంచి ఇక్కడ స్థిరపడుతూ వచ్చారు. ఒకప్పుడు ఈ పేటను లిటిల్ తైపే అనేవారు.

ఇప్పుడు ఆ పేరు అంతగా అతకదు. తైవాన్ కుటుంబాలు చాలావరకు లాంగ్ ఐలాండ్ వైపు పెద్ద ఇళ్లకు వెళ్లిపోయాయి. వాళ్ల జాగాలో చైనా ఈశాన్య రాష్ట్రాలవాళ్లు, వెన్‌జౌ, ఫూజియన్‌లవాళ్లు వచ్చారు. పక్కనే కొరియన్లు ఉన్నారు. అందుకే మెయిన్ స్ట్రీట్‌లో చైనీస్ అక్షరాలున్న ప్రతి బోర్డూ తైవాన్‌ది అనుకోకండి. గొర్రెమాంసం సీకులు కాలుస్తూ జీలకర్ర చల్లుతున్నారంటే అది చైనా పడమటి కొసన ముస్లింలు ఎక్కువగా ఉండే షిన్‌జియాంగ్ తిండి. పాత తరహా తైవాన్ హోటళ్ల కోసమే వెళ్లేవాళ్లు ఎల్మ్‌హర్స్ట్‌లో బ్రాడ్‌వే చుట్టుపక్కల కూడా చూడాలి. అది జాక్సన్ హైట్స్ ఇండియన్ షాపులకు ఆనుకునే ఉంటుంది.

ఎలా వెళ్లాలి?

మన్‌హాటన్ నుంచి 7 నంబరు సబ్‌వే ఎక్కి చివరి స్టేషన్‌లో దిగండి. టైమ్స్ స్క్వేర్ నుంచి సుమారు 40 నిమిషాలు. ఎడిసన్ నుంచి వచ్చేవాళ్లు పెన్ స్టేషన్‌లో దిగి, బయటికి రాకుండానే లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ పోర్ట్ వాషింగ్టన్ లైన్ పట్టుకోవచ్చు. దాదాపు 20 నిమిషాల్లో ఫ్లషింగ్‌లో ఉంటారు. గుడి నుంచైతే బౌన్ స్ట్రీట్ మీదుగా నడకే మేలు, అరగంట లోపే.

కారు మాత్రం వద్దు. పార్కింగ్ వెతుక్కునే టెన్షన్‌తోనే ఆకలి చచ్చిపోతుంది.

గుడికి వెళ్లిన రోజు ఇవన్నీ తినొచ్చా?

అది మీ ఇంటి పద్ధతి. నేను తీర్పు చెప్పను. దర్శనం రోజు మాంసం ముట్టనివాళ్లు ఈ పేజీలో శాకాహారం, తీపి, బోబా (నల్ల గుండ్లు వేసిన టీ) ప్రశ్నలు చూసుకుంటే ఒక సాయంత్రానికి సరిపడా తిండి ఉంది.

సమయం ఉంటే బౌన్ స్ట్రీట్ చివరిదాకా నడవమని మాత్రం చెబుతాను. 1657లో ఫ్లషింగ్ ప్రజలు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల తరఫున, ఎవరి మతం వాళ్లను పాటించుకోనివ్వాలని డచ్ గవర్నర్‌కు అర్జీ రాశారు. ఆ తర్వాత తన ఇంట్లో క్వేకర్ల సమావేశాలు పెట్టనిచ్చి అరెస్టయిన జాన్ బౌన్ ఇల్లు ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. 1977లో ప్రతిష్ఠ జరిగిన మన గుడీ అదే వీధిలో. దాని ముందున్న వీధి భాగానికి 2022లో గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని అదనపు పేరు పెట్టారు.

ఏ టైముకి వెళ్తే మంచిది?

తైవాన్‌లో నైట్ మార్కెట్లు సాయంత్రం 5 గంటలకు మొదలై అర్ధరాత్రి దాకా సాగుతాయి. ఫ్లషింగ్‌లో అలా కాదు. ఇక్కడ తిండి ఎక్కువగా మాల్ బేస్‌మెంట్లలో, ఫుడ్ కోర్టుల్లో, చిన్న కొట్లలో ఉంటుంది. రాత్రి 9 దాటాక ఒక్కో స్టాల్ కట్టేయడం మొదలుపెడుతుంది. 6 నుంచి 8 మధ్య సరైన వేళ. శనివారం 7కి ఫుడ్ కోర్టులో టేబుల్ దొరకడం కష్టం. ఒకరు చోటు పట్టుకుని కూర్చుంటే మిగతావాళ్లు లైన్లలో నిలబడాలి.

మొదటిసారి వెళ్తున్నాం. మాంసం తింటాం. దేనితో మొదలుపెట్టాలి?

సాల్ట్ అండ్ పెప్పర్ చికెన్. కొన్నిచోట్ల పాప్‌కార్న్ చికెన్ అని రాస్తారు. రెండూ ఒకటే. కోడి తొడ మాంసం చిన్న ముక్కలు కోసి సోయా సాస్, వెల్లుల్లి, పంచ మసాలా పొడిలో నానబెడతారు. ఆ మసాలాలో అనాసపువ్వు, లవంగం, దాల్చిన చెక్క, సోంపు ఉంటాయి కాబట్టి వాసన మనకు పరాయిగా అనిపించదు. తర్వాత బరకగా ఉన్న చిలగడదుంప పిండిలో దొర్లించి వేయిస్తారు. మైదా, కార్న్‌ఫ్లోర్ పూత కంటే ఇది గరుకుగా, గుల్లగా వస్తుంది. దింపే ముందు గుప్పెడు ఆకులు నూనెలో వేస్తారు, చిటపటలాడి క్షణంలో గాజులా బిగుసుకుంటాయి. అన్నీ కలిపి కాగితం సంచిలో వేసి, తెల్ల మిరియాలు ఉప్పు చల్లి, మూతి పట్టుకుని గలగలా ఆడించి వెదురు పుల్లతో సహా చేతికిస్తారు. ఆ ఆకు తులసి అనుకుని కొందరు తినడానికి జంకుతారు. అది తులసి కాదు, మనం సబ్జా గింజలు తీసే మొక్క జాతిది. నిరభ్యంతరంగా తినండి. ముక్కల కంటే ముందు అవే అయిపోతాయి.

తర్వాత గువా బావ్. ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బన్ను మధ్యలో మెత్తగా ఉడికిన పంది మాంసం, ఆవకూర ఊరగాయ, పంచదార కలిపిన పల్లీ పొడి, కొత్తిమీర. పల్లీ పొడి మాంసంతో ఎలా అని సందేహించేవాళ్లు ఒక ముక్క కొరికి చూడాలి.

ముగ్గురు నలుగురు ఉంటే లు రౌ ఫాన్ కూడా ఒకటి చెప్పండి. సన్నగా తరిగిన పంది మాంసాన్ని సోయా సాస్‌లో నిదానంగా మగ్గించి వేడి అన్నం మీద పోస్తారు, పక్కన అదే పులుసులో ఉడికిన గుడ్డు. తైవాన్‌లో ఇది రోజూ తినే తిండి, పండగ వంట కాదు. కొత్త చోట వంటవాడి చేయి ఎలాంటిదో తెలుసుకోవాలంటే నేను దీన్నే చెబుతాను.

మిరియాల బన్ను కనిపిస్తే వదలకండి. మిరియాలు దండిగా పట్టించిన మాంసం, ఉల్లికాడలు కూరి, నువ్వులద్ది, తందూర్ పొయ్యిలాంటి మట్టి గొట్టం లోపలి గోడకు కొట్టి కాలుస్తారు. ఆగి తినండి, లోపలి రసం నాలుక కాలుస్తుంది.

మేం శాకాహారులం. ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. కానీ అడిగి తినాలి. తైవాన్‌లో బౌద్ధ శాకాహారం బలమైన సంప్రదాయం. అక్కడ చాలా శాకాహార హోటళ్ల బోర్డు మీద మన స్వస్తిక్ గుర్తు ఉంటుంది. ప్యాకెట్ల మీద శాకాహారాన్ని అయిదు రకాలుగా విడదీసి రాయాలన్న నియమమూ ఉంది: పూర్తి శాకాహారం, గుడ్డుతో, పాలతో, రెండూ ఉన్నది, ఉల్లి వెల్లుల్లి ఉన్నది. ఫ్లషింగ్ చైనీస్ సూపర్ మార్కెట్లలో తైవాన్ బిస్కెట్లు, నూడుల్స్ కొనేటప్పుడు ఆ ముద్రలు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక తమాషా. బౌద్ధుల నిషేధ జాబితాలో ఉల్లి, వెల్లుల్లి జాతులతో పాటు ఇంగువ కూడా ఉంది. ఉల్లి మానేసి ఇంగువ వేసుకునే మన ఆచారవంతుల వంట వాళ్ల లెక్కలో శాకాహారం కిందికి రాదు.

స్టాళ్లలో చిక్కంతా కంటికి కనపడని వాటితోనే. ఉల్లికాడల రొట్టె చూడటానికి మన పరోటాలాగే ఉంటుంది, కానీ కొన్నిచోట్ల పంది కొవ్వుతో పొరలు వేస్తారు. ఉడికించిన ఆకుకూర మీద చల్లే వేయించిన ఉల్లిపాయలు కూడా పంది కొవ్వులోనే వేగి ఉండొచ్చు. నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు, కూర మీద ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్, బన్ను మీద బూజులా కనిపించే పంది మాంసపు పీచు. "వెజిటేరియన్?" అని అడిగితే, మాంసం ముక్కలు లేకపోతే చాలు, అవునని తలూపేవాళ్లు ఉంటారు. "వో చ్ సూ" అనండి. నేను శాకాహారం తింటాను అని అర్థం. పెద్దవాళ్లకు ఆ మాటతో బౌద్ధ శాకాహారం స్ఫురిస్తుంది, వెంటనే ఏది తినొచ్చో వాళ్లే వేలితో చూపిస్తారు. పంది కొవ్వు ఉందా అని అడగాలంటే "జూ యో?" అంటే చాలు.

ధైర్యంగా తినదగ్గవి: దోసకాయ వెల్లుల్లి సలాడ్, నువ్వుల ముద్దతో కలిపిన చల్లటి నూడుల్స్ (గుడ్డు ఉందేమో అడగండి), సోయా పాలు, చిలగడదుంప ఉండలు, తీపి వంటకాల్లో చాలావరకు.

గొడ్డు మాంసం తినం. బీఫ్ నూడుల్స్ లేకుండా తైవాన్ తిండి ఏముంటుంది అంటున్నారు, నిజమేనా?

కాదు. తైవాన్ పల్లెల్లో పాతతరం రైతు కుటుంబాలు చాలావరకు గొడ్డు మాంసం ముట్టేవి కావు. పొలం దున్నిన పశువును తినడం తప్పని వాళ్ల నమ్మకం. ఇప్పటికీ మానేసిన ఇళ్లు ఉన్నాయి. బీఫ్ నూడుల్స్ 1949 తర్వాత వచ్చిన సైనికులు, వాళ్ల కాలనీల నుంచి వ్యాపించిన వంటకం. కాబట్టి "బు యావ్ న్యూ రౌ", అంటే గొడ్డు మాంసం వద్దు అని చెబితే ఎవరూ వింతగా చూడరు. పులుసు కూడా దానితోనే కాచిందేమో అడగడం మరిచిపోకండి.

స్టింకీ టోఫు ఆ వాసనకి తట్టుకోగలమా?

ఎండు చేపలు వేగే ఇంట్లో పెరిగినవాళ్లు తట్టుకుంటారు. మిగతావాళ్ల సంగతి చెప్పలేను. పులిసిన ఉప్పునీటి ద్రావణంలో టోఫు నానబెట్టి, నూనెలో వేయించి, మధ్యలో చిల్లు పెట్టి వెల్లుల్లి సాస్ పోసి, తీపి పులుపు క్యాబేజీ ఊరగాయతో ఇస్తారు. ముక్కుకు తగిలినంత ఘాటు నాలుకకు తగలదు. పైన కరకర, లోపల మెత్తన. వీధి చివరి నుంచే పసిగట్టి వెనక్కి తిరిగేవాళ్లు అదే వంటకాన్ని ముక్కు మూసుకుని ఒకసారి తింటే మనసు మార్చుకునే అవకాశం ఉంది.

శాకాహారులకు హెచ్చరిక: ఆ ద్రావణంలో రొయ్యలు, మాంసం వేసి పులియబెట్టే పద్ధతి కూడా ఉంది. టోఫు కదా అని తీసుకోకండి.

ఆయిస్టర్ ఆమ్లెట్?

గుడ్డు కోసం కాదు, జిగట కోసం తినేది. చిలగడదుంప పిండి నీళ్లలో కలిపి పెనం మీద పోస్తే పారదర్శకంగా, సాగుతూ తయారవుతుంది. అందులో చిన్న ఆయిస్టర్లు, గుడ్డు, ఆకుకూర. పైన ఎర్రటి తీపి సాస్. ఆ జిగట నచ్చనివాళ్లకు ఎన్నిసార్లు తిన్నా నచ్చదు. నేను ఆ జాబితాలోనే ఉన్నాను.

కారం అసలు ఉండదట, పచ్చడి సీసా తీసుకెళ్లాలా?

వద్దు. ప్రతి స్టాల్‌లోనూ మిరప నూనెనో, మిరప పొడో ఉంటుంది. "దా లా" అంటే బాగా కారం. దాని తర్వాత కూడా మీకు చప్పగా ఉంటే అది మన నాలుక తప్పు.

బోబా టీ ఎలా ఆర్డర్ చేయాలి? ఆ నల్ల గుండ్లు దేనివి?

కర్రపెండలం పిండివి. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో సగ్గుబియ్యం తయారయ్యేది కూడా ఆ దుంప నుంచే. గుండ్లు పెద్దవి చేసి, నల్ల బెల్లం లాంటి పాకంలో నానబెడితే బోబా. జంతువుల జెలటిన్ ఉంటుందేమోనని భయపడేవాళ్లు నిశ్చింతగా తాగొచ్చు. పుడ్డింగ్ లాంటి అదనపు టాపింగులు వేయించుకుంటే మాత్రం అడగండి.

1980ల్లో తైవాన్‌లో పుట్టింది ఇది. మేమంటే మేమే మొదట చేశామని తైచుంగ్‌లోని చున్ షుయి తాంగ్, తైనాన్‌లోని హాన్లిన్ అనే రెండు టీ దుకాణాలు ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడుకున్నాయి. ఇది ఎవరైనా చేసుకోగల పానీయం, మొదట ఎవరు చేశారో తేల్చాల్సిన పని లేదని 2019లో కోర్టు ముగించేసింది.

ఆర్డర్ చేసేటప్పుడు తీపి ఎంత, ఐస్ ఎంత అని అడుగుతారు. మొదటిసారి 50 శాతం తీపి చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లు సున్నా చెప్పినా గుండ్లలో తీపి ఉంటుందని గుర్తుంచుకోవాలి. పాలు పడవనుకుంటే క్రీమర్ వాడతారా, అసలు పాలా అని కనుక్కోండి. రాత్రి నిద్ర పట్టదని టీ మానేసేవాళ్లకు వింటర్ మెలన్ డ్రింక్ ఉంది. వింటర్ మెలన్ అంటే మనం వడియాలు పెట్టుకునే, గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయే. చక్కెరతో గంటల తరబడి ఉడికించి చల్లగా ఇస్తారు.

గుండ్లు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి రబ్బరవుతాయి. అప్పటికప్పుడు తాగేయాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు లావు స్ట్రా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

తీపి ఏముంటుంది?

వేసవిలో ఐస్ తురుము. మంచుపొరల్లా చెక్కిన ఐస్ మీద మామిడి ముక్కలు, ఎర్ర చిక్కుడు గింజలు, చామదుంప ఉండలు, కండెన్స్‌డ్ మిల్క్. చామదుంప తీపిలో ఏంటనకండి, మెత్తగా సాగే ఉండలు చేస్తారు. చలికాలంలో దౌహువా, అంటే అప్పుడే బిగుసుకున్న లేత టోఫు, వేడి అల్లం పాకంలో, పైన ఉడికిన పల్లీలు. పాలు, గుడ్డు లేని తీపి కోరుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

పల్లీ ఐస్‌క్రీం చుట్ట ఎక్కడైనా కనిపిస్తే ఆగండి. ఇటుకంత పల్లీపట్టీ దిమ్మను చిత్రిక పట్టి, రాలిన పొడిని పల్చటి రొట్టె మీద పరిచి, చామదుంప ఐస్‌క్రీం పెట్టి, దానిమీద కొత్తిమీర వేసి చుడతారు. కొత్తిమీర వద్దనకండి.

హలాల్ దొరుకుతుందా?

ఫ్లషింగ్‌లో దొరుకుతుంది గానీ, అది తైవాన్ స్టాళ్లలో అనుకోకండి. షిన్‌జియాంగ్ తరహా చోట్ల హలాల్ బోర్డు చూసి తినొచ్చు. తైవాన్ వంటలో పంది కొవ్వు, వంట మద్యం చాలాచోట్ల ఉంటాయి. చేప, రొయ్య వంటకాల్లో కూడా మద్యం చుక్క పడుతుంది.

ఖర్చు, టిప్పు, కార్డు?

మెనూ ధర మీద 8.875 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. కూర్చోబెట్టి వడ్డించే చోట 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం వాడుక. ఫుడ్ కోర్టు స్టాల్‌లో మీరే ట్రే మోసుకుంటారు, టిప్పు ఇవ్వకపోయినా తప్పేం లేదు, తెర మీద అంకెలు చూపించినా సరే. కొన్ని స్టాళ్లలో కార్డు తీసుకోరు, లేదా ఒక మొత్తం దాటితేనే తీసుకుంటారు. చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి.

శుభ్రంగా ఉంటుందా?

కిటికీలో అంటించిన అక్షరం చూడండి. నగర ఆరోగ్య శాఖ 2010 నుంచి హోటళ్లకు ఏ, బీ, సీ గ్రేడులు ఇస్తోంది. "గ్రేడ్ పెండింగ్" అంటే తీర్పు ఇంకా రాలేదని. వేయించి వేడిగా చేతికిచ్చే వాటికి నేను అంతగా ఆలోచించను. చల్లగా పెట్టి ఉంచినవాటికి మాత్రం జనం బాగా తిరిగే కొట్టే చూసుకుంటాను.

క్వీన్స్ నైట్ మార్కెట్ అంటే ఇదేనా?

కాదు, అది వేరే. ఫ్లషింగ్ మెడోస్ కరోనా పార్కులో, న్యూయార్క్ హాల్ ఆఫ్ సైన్స్ వెనకాల, వసంతం నుంచి అక్టోబర్ దాకా శనివారం రాత్రుళ్లు జరుగుతుంది. మధ్యలో యూఎస్ ఓపెన్ టెన్నిస్ సమయంలో విరామం. 7 నంబరు రైలులో 111వ స్ట్రీట్‌లో దిగాలి. తైవాన్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు పుట్టిన జాన్ వాంగ్ 2015లో దీన్ని మొదలుపెట్టారు. చిన్నప్పుడు సెలవుల్లో తైవాన్ వెళ్లి చూసిన నైట్ మార్కెట్లే ప్రేరణ. అయితే ఇక్కడ తైవాన్ తిండే అమ్మరు. డజన్ల కొద్దీ దేశాల వంటలు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో వంటకం 5, 6 డాలర్లు దాటకూడదన్న నియమంతో పేరు తెచ్చుకుంది.

తైవాన్ వంట కావాలంటే మెయిన్ స్ట్రీట్. ఆరుబయట గడ్డి మీద తిరుగుతూ తినే హడావిడి కావాలంటే నైట్ మార్కెట్. రెండూ ఒకే సాయంత్రం పెట్టుకోకండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, కానీ శనివారం ఫుడ్ కోర్టుకు కాదు. వారం మధ్యలో, 6 కంటే ముందు, కూర్చునే హోటల్‌కి. ముందు వేడి సోయా పాలు, నువ్వుల రొట్టె చెప్పి వాళ్లను కుదురుకోనివ్వండి. మా బాబాయి మొదటి పది నిమిషాలు పక్క టేబుల్ వైపే అనుమానంగా చూశాడు. ఆ తర్వాత సోయా పాలు రెండో గ్లాసు అడిగాడు. అత్తయ్యలు, పిన్నుల్లో మడి పాటించేవాళ్లుంటే బలవంతం చేయకండి. గుడి క్యాంటీన్‌లో భోంచేయించి, ఇక్కడ ఐస్ తురుము మాత్రం తినిపించండి.

పార్సిల్ కట్టించుకుని ఇంటికి తీసుకెళ్తే?

గువా బావ్, లు రౌ ఫాన్, మిరియాల బన్ను బాగానే ఉంటాయి, మర్నాడు వేడి చేసుకోవచ్చు. వేయించిన చికెన్ ఎడిసన్ చేరేసరికి మెత్తబడుతుంది. సంచి మూతి తెరిచి ఉంచితే కొంత నయం, ఓవెన్‌లో వేడి చేయండి, మైక్రోవేవ్ వద్దు. స్టింకీ టోఫు రైల్లోకి తేవద్దు. ఆ పెట్టెలో మీరొక్కరే ఉండరు.